సర్వీస్ సెంటర్‌కి కార్ ఇస్తే బిల్లులో ఉన్న పనులన్నీ నిజంగా చేశారో లేదో ఎలా చూసుకోవాలి

కార్ సర్వీస్‌కి ఇచ్చాక సాయంత్రం మన చేతికి వచ్చేవి రెండే, తళతళా కడిగిన బండి ఒకటి, బిల్లు ఒకటి. మధ్యలో ఏం జరిగిందో మనకి కనపడదు. ఆయిల్ నిజంగా మార్చారా, ఏసీ ఫిల్టర్ కొత్తది వేశారా, వెనక చక్రాల బ్రేక్ డ్రమ్ములు విప్పి క్లీన్ చేశారా లేక గాలి కొట్టి వదిలేశారా, ఇవేవీ బయట నుంచి చూస్తే తెలిసేవి కావు, బండి మెరుస్తోంది కాబట్టి అన్నీ చేసేసుంటార్లే అనుకుని కార్డు గీకేసి వచ్చేస్తాం. పైగా కంపెనీ షోరూం కదా, ఇంత పెద్ద బోర్డు పెట్టుకున్నోళ్ళు మన ఏసీ ఫిల్టర్ దగ్గర కక్కుర్తి పడతారా అని ఒక ధీమా.

బోర్డు మీద పేరు కంపెనీదే, కానీ లోపల సర్వీస్ సెంటర్ నడిపేది డీలర్, అది వేరే వ్యాపారం, దాని లాభనష్టాలు దానివి. మీతో నవ్వుతూ మాట్లాడే సర్వీస్ అడ్వైజర్‌కి నెల టార్గెట్లు ఉంటాయి, అవి ఎక్కువగా మామూలు సర్వీస్ మీద కాకుండా పైన అమ్మే క్లీనింగులు, కోటింగుల మీద. లోపల పనిచేసే కుర్రాడికి ఒక బండి దించగానే ఇంకోటి ఎక్కించాలి. అందుకని నా ఉద్దేశంలో చాలాసార్లు జరిగేది పనిగట్టుకుని చేసే మోసం కాదు, హడావుడిలో చెక్‌లిస్ట్‌లో టిక్కులు ముందు పడిపోవడం, పని తూతూ మంత్రంగా అయిపోవడం. ఈ బండి ఓనరు చూసుకుంటాడు, అడుగుతాడు అని వాళ్ళకి పొద్దున్నే తెలిస్తే చాలా తేడా వస్తుంది, గొడవ పడాల్సిన పని కూడా ఉండదు. ఎలా చేయాలో వరసగా చెప్తాను.

ముందు రోజు ఇంట్లో

బండితో ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్ బయటికి తీయండి, చాలామందిది ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంటుంది. అందులో సర్వీస్ షెడ్యూల్ అని టేబుల్ ఉంటుంది, ఎన్ని కిలోమీటర్లకి ఏది మార్చాలి, ఏది చూసి వదిలేయాలి అని. మీ బండికి ఇప్పుడు ఎన్నో సర్వీసో చూసి ఆ పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. ఉదాహరణకి మారుతి పెట్రోల్ కార్లయితే మొదటి మూడు ఫ్రీ సర్వీసులు 1,000, 5,000, 10,000 కిలోమీటర్లకి (లేదా 1, 6, 12 నెలలకి, ఏది ముందొస్తే అది), ఆ తర్వాత ప్రతి 10,000 కి.మీ. లేదా ఏడాదికి ఒకసారి. ఫ్రీ అంటే లేబర్ మాత్రమే ఫ్రీ, ఆయిల్, ఫిల్టర్లకి డబ్బులు కట్టాల్సిందే. సర్వీస్ సెంటర్ గోడ మీద ఇంకో చార్ట్ ఉంటుంది, అందులో కొన్ని పనులు మాన్యువల్ కంటే ముందే చేయించమని ఉంటాయి, అలాంటప్పుడు మీ ఫోన్‌లో ఫోటో చూపించి మాట్లాడొచ్చు. దుమ్ము రోడ్లు, రోజూ రెండు మూడు కిలోమీటర్ల చిన్న చిన్న ట్రిప్పులు, ఎప్పుడూ ట్రాఫిక్, ఇలా వాడే బండికి మాన్యువల్ కూడా ఇంకాస్త ముందే మార్చమంటుంది, ఆ భాగం కూడా చదవండి, అడ్వైజర్ చెప్పిందల్లా అబద్ధం అనుకోకండి.

అదే బుక్‌లో ఇంజిన్ ఆయిల్ ఏ గ్రేడు, ఎన్ని లీటర్లు అనేది కూడా ఉంటుంది. చిన్న పెట్రోల్ కార్లకి మామూలుగా 3 నుంచి 4 లీటర్ల మధ్య పడుతుంది. అది రాసుకోండి, బిల్లు దగ్గర పనికొస్తుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) డీజిల్ బండి అయితే ఇంకొంచెం జాగ్రత్త, వాటి సైలెన్సర్ లైన్లో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది, దానికి బూడిద తక్కువ వచ్చే ఆయిలే పోయాలి, డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని గ్రేడు ఉంటే సరిపోదు, దాని కింద రాసిన స్పెసిఫికేషన్ కూడా మీ బుక్‌లో ఉన్నదే అయ్యుండాలి.

తర్వాత ఫోన్ పట్టుకుని బండి చుట్టూ ఒక రౌండ్ వేయండి. నాలుగు వైపులా ఫోటోలు, ఓడోమీటర్ (బండి తిరిగిన కిలోమీటర్లు చూపేది), పెట్రోల్ ముల్లు, బానెట్ తీసి బ్రేక్ ఆయిల్ డబ్బా, కూలెంట్ డబ్బా. టైర్ల పక్కన నాలుగంకెల నంబర్ ఉంటుంది, ఏ వారం ఏ ఏడాది తయారైందో చెప్పేది (2324 అంటే 2024లో 23వ వారం), స్టెప్నీతో సహా ఐదింటివీ తీయండి. టైర్ రొటేషన్ (టైర్లని ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి మార్చడం) చేశారా లేదా అనేది దీనితోనే తెలిసిపోతుంది, అన్ని టైర్లదీ ఒకటే నంబరైతే లోపలి వైపు చాక్‌పీసుతో చిన్న గుర్తు పెట్టండి.

గుర్తుల సంగతి వచ్చింది కాబట్టి, స్టేషనరీ షాపులో పెయింట్ మార్కర్ దొరుకుతుంది, అదొకటి కొనండి. ఏసీ ఫిల్టర్ చాలా కార్లలో ముందు సీటు ఎదురుగా ఉండే గ్లవ్ బాక్స్ వెనకాల ఉంటుంది, బాక్స్ రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందకి జారుతుంది, క్లిప్పు తీస్తే ఫిల్టర్ వచ్చేస్తుంది, దాని అంచు మీద చుక్క పెట్టండి. ఎయిర్ ఫిల్టర్ అంచు మీద ఒకటి. ఆయిల్ ఫిల్టర్ కొన్ని బళ్ళలో పైనుంచే కనిపిస్తుంది, కొన్నిట్లో కింద నుంచి తప్ప కనపడదు, కనిపిస్తే దాని మీద కూడా ఒకటి.

ఇంకో చిన్న పని, నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇదే. స్టెప్నీలో గాలి ఎంతుందో పెట్రోల్ బంకులో చూపించుకుని రాసి పెట్టుకోండి, అలాగే వైపర్ నీళ్ళ డబ్బా ఎంత ఖాళీగా ఉందో చూసుకోండి. ఈ రెండూ ప్రతి సర్వీస్ చెక్‌లిస్ట్‌లో ఉంటాయి, వీటికి పైసా ఖర్చు లేదు, రెండు నిమిషాల పని, ఎవరూ పట్టించుకోరు కూడా. సాయంత్రం బండి వచ్చాక స్టెప్నీలో గాలి నిన్నటి లెక్కే ఉండి, చెక్‌లిస్ట్‌లో మాత్రం దాని పక్కన టిక్కు ఉంటే, మిగతా టిక్కులు కూడా ఎలా పడ్డాయో మీకు అర్థమైపోతుంది.

బండి ఇచ్చేటప్పుడు

శనివారం, ఆదివారం వద్దు. సంక్రాంతి, దసరా ముందు వారం అసలొద్దు, హైదరాబాద్‌లో సగం మంది ఊళ్ళకి బయల్దేరే ముందు అదే వారం బండి పట్టుకొస్తారు, ఆ రద్దీలో మంచి మెకానిక్ కూడా సరిగ్గా చేయలేడు. మంగళ, బుధవారాల్లో పొద్దున్నే స్లాట్ తీసుకుని మీరే వెళ్ళండి. పికప్ డ్రాప్ సౌకర్యమే కానీ, జాబ్ కార్డు (ఏమేం పనులు చేయాలో రాసే కాగితం) మీ కళ్ళ ముందు రాయించే అవకాశం పోతుంది.

జాబ్ కార్డే మొత్తం వ్యవహారానికి ఆధారం. నోటితో చెప్పింది ఏదీ లెక్కలోకి రాదు, అడ్వైజర్ ఎంత మంచివాడైనా లోపలున్న మెకానిక్ చదివేది ఆ కాగితమే. 'బ్రేక్ సౌండ్ వస్తోంది' అని రాస్తే వాళ్ళు గ్యారేజీలో ఒక చుట్టు తిప్పి 'సౌండ్ ఏం లేదు సర్' అంటారు. 'పొద్దున్న మొదటిసారి తీసినప్పుడు, 20 స్పీడులో మెల్లగా బ్రేక్ వేస్తే ఎడమ ముందు చక్రం దగ్గర కీచుమంటోంది' అని రాయించండి. కుదిరితే అడ్వైజర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అదే సౌండ్ వినిపించండి, మొహమాటపడకండి, వాళ్ళు వస్తారు.

జాబ్ కార్డులో ఇవి కూడా రాయించాలి: మార్చిన పాత పార్టులన్నీ తిరిగివ్వాలి, ఎస్టిమేట్ దాటి ఏ పని చేయాలన్నా ఫోన్ చేసి ఒప్పుకున్నాకే చేయాలి, బ్రేక్ ప్యాడ్లు (డ్రమ్ములున్న చక్రాలకి షూలు) ఎన్ని ఎంఎం మిగిలాయో నాలుగు చక్రాలకీ రాసివ్వాలి. పాత పార్టులు అడిగితే కొందరు మొహం మారుస్తారు, వారంటీలో ఫ్రీగా మార్చినవైతే కంపెనీకి పంపాలి కాబట్టి ఇవ్వరు, అది న్యాయమే, కానీ మీ డబ్బుతో మార్చిన ఫిల్టర్ మీదే, చెత్తలో వేసే ముందు మీకు చూపించాలి. సంతకం పెట్టే ముందు లైన్లన్నీ చదివి ఒక కాపీ లేదా ఫోటో తీసుకోండి.

అమ్మానాన్నలు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉండి, పిల్లలు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉండే ఇళ్ళలో పెద్దాయన ఒక్కరే బండి తీసుకెళ్తారు, అడ్వైజర్ 'అంకుల్ ఇది కూడా చేయించేయండి, బండికి మంచిది' అంటే కాదనలేక ఊ అంటారు. అలాంటప్పుడు ఎస్టిమేట్ అప్రూవల్ కాల్ మీ నంబర్‌కి రావాలని జాబ్ కార్డులో మీ నంబర్ రాయించమనండి, అమెరికాలో ఉంటే వాట్సాప్ చేయమనండి. నాన్నకి పాపం మొహమాటం, మీకు అక్కర్లేదు.

పైన అమ్మేవి

ఇంజిన్ ఫ్లష్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజిన్ డీకార్బనైజింగ్ (లోపల పేరుకున్న మసి తీయడం), ఇంజిన్ డ్రెస్సింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్, టెఫ్లాన్ కోటింగ్, ఎలకల స్ప్రే, ఇలా ఒక లిస్ట్ చదువుతారు. అన్నీ పనికిరానివని నేననను. ఎలకలు వైర్లు కొరికే అపార్ట్‌మెంట్ సెల్లార్ అయితే ఆ స్ప్రే మీ ఇష్టం, సముద్రం పక్కన విశాఖలో, కాకినాడలో ఉంటే అండర్‌బాడీ కోటింగ్‌కి అర్థం ఉంది. కానీ 20,000 కూడా తిరగని పెట్రోల్ బండికి, పికప్ బాగానే ఉండి ఏ లైటూ వెలగనప్పుడు డీకార్బనైజింగ్ దేనికి? డ్రెస్సింగ్ అంటే ఇంజిన్ మీద మెరుపు రాయడం, దానితో ఇంజిన్ నడక మారదు. అడగాల్సిన మాట ఒక్కటే, 'ఇది మాన్యువల్ షెడ్యూల్లో ఏ పేజీలో ఉందో చూపించండి'. చూపిస్తే చేయించండి. చూపించకపోతే 'వచ్చే సర్వీస్‌కి చూద్దాం' అనేయండి, బతిమాలినా అదే మాట.

బ్యాటరీ వీక్ అయింది, మార్చేయాలి అంటే టెస్టర్ ప్రింట్ అడగండి. రాత్రంతా ఆపి ఉంచిన మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14 అటూ ఇటూ.

ఒక్క విషయంలో మాత్రం డబ్బు దగ్గర ఆలోచించొద్దు, బ్రేక్ ఆయిల్. అది గాల్లోని తేమని పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ తొందరగా మరిగిపోతుంది. సిటీలో మీకు ఏ తేడా తెలియదు. పిల్లల్ని ఎక్కించుకుని శ్రీశైలం ఘాట్‌లోనో తిరుమల నుంచి దిగేటప్పుడో అరకు రోడ్లోనో వరసగా బ్రేకులు వేస్తున్నప్పుడు అది మరిగి బుడగలు కడితే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. మామూలుగా రెండేళ్ళకి ఒకసారి మార్చమంటారు, మీ బుక్‌లో ఎంతుందో చూసి ఆ టైంకి తప్పకుండా మార్పించండి, మార్చారో లేదో ముందు రోజు తీసిన ఫోటోతో పోల్చుకోండి, పాతది టీ రంగుకి తిరిగి ఉంటుంది, కొత్తది దాదాపు నీళ్ళలా లేత పసుపు.

పని జరుగుతున్నప్పుడు

వీలైతే అక్కడే ఉండండి, లౌంజ్‌లో అద్దం లోంచి మీ బండి కనపడే సీట్లో. లోపలికి రానివ్వరు, భద్రత అంటారు, ఒప్పుకోండి. ఉండలేకపోతే ఆయిల్ తీసేటప్పుడు, బ్రేకులు విప్పినప్పుడు ఫోటో వాట్సాప్ చేయమని పొద్దున్నే చెప్పి వెళ్ళండి. మధ్యాహ్నం ఫోన్ చేసి 'ఈ పని ఎక్స్‌ట్రా పడింది' అంటే ఫోటో, రేటు రెండూ అడిగి అప్పుడు చెప్పండి అవునో కాదో.

డెలివరీ, అసలు పని ఇక్కడే

గేట్ పాస్ తీసుకోకముందు, డబ్బులు కట్టకముందు, వాళ్ళ ఆవరణలోనే చూసుకోవాలి. ఇంటికొచ్చాక చూసి ఫోన్ చేస్తే 'మేము వేశాం సర్' అంటారు, అక్కడితో కథ ముగిసినట్టే. వెలుగుండగానే వెళ్ళండి, మూసేసే టైంకి పోతే అందరూ హడావుడిగా ఉంటారు.

ముందు ఆయిల్. బండి చదునుగా ఉన్న చోట ఆపి ఇంజిన్ ఆఫ్ చేసి ఓ ఐదు నిమిషాలు ఆగండి, డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసి తుడిచి మళ్ళీ పూర్తిగా దించి తీయండి. పై గీత దగ్గర ఉండాలి, పై గీత దాటకూడదు, ఎక్కువ పోయడం కూడా ఇంజిన్‌కి మంచిది కాదు. పెట్రోల్ బండి అయితే తేనె రంగులో, కింద పుల్ల కనపడేలా ఉంటుంది. డీజిల్ అయితే రంగు చూసి నిందలు వేయకండి, లోపల మిగిలిన మసికి కొత్త ఆయిల్ కూడా ఒక్కసారి స్టార్ట్ చేయగానే నల్లబడిపోతుంది, అక్కడ ఆయిల్ ఫిల్టర్ మీద మీ గుర్తు ఉందా పోయిందా అనేదే చూడాలి.

తర్వాత గ్లవ్ బాక్స్. ఒకసారి నా బండికి బిల్లులో ఏసీ ఫిల్టర్ రేటు, దాన్ని మార్చిన లేబర్ రెండూ వేశారు, అక్కడే పార్కింగ్‌లో గ్లవ్ బాక్స్ దించి ఫిల్టర్ లాగితే, మడతల మధ్య ఎండిన వేపాకు ఒకటి అలాగే ఉంది, అంచు మీద నా తెల్ల చుక్క కూడా అలాగే ఉంది. అడ్వైజర్‌ని పిలిచి చేతిలో పెట్టాను, ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. పది నిమిషాల్లో కొత్తది వచ్చింది, నా ముందే వేశారు. చుక్క లేకపోతే ఇది అరగంట వాదన అయ్యేది, ఎవరి మాట నిజమో తేలేది కాదు. కొత్త ఫిల్టర్ మీద గాలి దిశకి బాణం గుర్తు ఉంటుంది, పాతది ఎటు ఉందో ఇదీ అటే ఉందా అని కూడా చూడండి.

ఎయిర్ ఫిల్టర్ మూత క్లిప్పులన్నీ పడ్డాయా, టైర్ల నంబర్లు చోటు మారాయా (రొటేషన్ బిల్లు వేసుంటేనే), వీల్ అలైన్‌మెంట్ చేస్తే చేయకముందు, చేశాక రీడింగులున్న ప్రింట్ ఇచ్చారా, కూలెంట్, బ్రేక్ ఆయిల్ లెవెల్స్, వైపర్ నీళ్ళు, స్టెప్నీ గాలి. టైర్లలో గాలి ఎంతుండాలో డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. ఓడోమీటర్ పొద్దున్నటి కంటే నాలుగైదు కిలోమీటర్లు పెరిగితే టెస్ట్ డ్రైవ్ అనుకోవచ్చు, ముప్ఫై పెరిగితే అడగాలి. కొత్త గీతలు ఉంటే ఫోటోతో పోల్చి అప్పుడే చెప్పాలి. మీరు చెప్పిన కంప్లెయింట్ పోయిందో లేదో అడ్వైజర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండ్ తిప్పి చూడండి, బ్రేకులు కూడా అప్పుడే.

బిల్లు లైన్ లైన్ చదవండి. ఆయిల్ ఎన్ని లీటర్లు వేశారు, మాన్యువల్లో ఎంతుంది. 'కన్స్యూమబుల్స్' అని మొత్తంగా ఒక అంకె ఉంటే విడగొట్టి చెప్పమనండి, గ్రీజు, బ్రేక్ క్లీనర్ లాంటివి ఉంటాయి, తప్పేం లేదు, కానీ ఏమిటో తెలియాలి. లేబర్ రెండుసార్లు పడుతుంటుంది, సర్వీస్ ప్యాకేజీలోనే ఉన్న బ్రేక్ క్లీనింగ్ మళ్ళీ విడిగా వేయడం లాంటివి. జీఎస్టీ కూడా ఒకసారి చూడండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ పార్టులకి 28 పోయి 18 శాతమే. చాలా కంపెనీల సైట్లలో సర్వీస్ కాస్ట్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, ముందే చూసుకుని వెళ్తే మీకో అంచనా ఉంటుంది.

ఇంటికొచ్చాక

ఆ రాత్రి ఇంజిన్ కింద పాత అట్ట ముక్క వేయండి, పొద్దున్న ఆయిల్ చుక్కలు కనపడితే ఆయిల్ తీసే డ్రెయిన్ బోల్టు సరిగ్గా బిగించలేదని అనుమానించి బండి తీయకుండా ఫోన్ చేయండి. చక్రాలు విప్పిన సర్వీస్ అయితే ఓ వంద కిలోమీటర్ల తర్వాత వీల్ నట్లు ఒకసారి బిగువు చూపించుకోండి.

రెండు మూడు రోజుల్లో ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది. డెలివరీ అప్పుడే అడ్వైజర్ 'సర్ పదికి పది ఇవ్వండి' అని అడుగుతాడు. పని బాగా చేస్తే తప్పకుండా ఇవ్వండి, ఆ కుర్రాడికి అది నిజంగా ఉపయోగం. చేయకపోతే జాలిపడి ఇవ్వకండి, డీలర్‌ని కంపెనీ ఆ మార్కులతో కూడా కొలుస్తుంది, మీ కంప్లెయింట్ తీరేదాకా మీ చేతిలో ఉన్న బలం అదే.

తేడా వస్తే

ముందు అడ్వైజర్, తర్వాత సర్వీస్ మేనేజర్, అక్కడా తేలకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్. జాబ్ కార్డు నంబర్, బిల్లు నంబర్, తేదీ, ఓడోమీటర్ రీడింగ్, ఫోటోలు, ఏం చేయాలని కోరుతున్నారో ఒక లైను, అంతే, కోపం వద్దు. బిల్లు కట్టక తప్పని పరిస్థితి ఉంటే వాళ్ళ కాపీ మీద 'ఫలానా పనికి అభ్యంతరంతో కడుతున్నాను' అని రాసి సంతకం పెట్టండి. దానికీ కదలకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915, చాలా గొడవలు ఈ దశలోనే సర్దుకుంటాయి. చివరికి జిల్లా వినియోగదారుల కమిషన్, 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ ఉండి తీరాలని కూడా లేదు.

ఆ డీలర్ దగ్గరికి ఇంక వెళ్ళాలనిపించకపోతే వెళ్ళకండి. అదే కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ ఇంకోటి చూసుకోండి, వారంటీ కంపెనీది, బండి కొన్న డీలర్‌ది కాదు, హిస్టరీ కూడా కంపెనీ సిస్టంలో ఉంటుంది. 'బయట ఎక్కడైనా చేయి పెట్టిస్తే వారంటీ మొత్తం పోతుంది' అని భయపెడతారు కదా, ఇలాంటి షరతులు, స్పేర్ పార్టులు బయట దొరక్కుండా చేయడం, వీటి మీదే కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉండేలా చూసే కేంద్ర సంస్థ) 2014 ఆగస్టులో 14 కార్ కంపెనీలకి దాదాపు 2,545 కోట్ల జరిమానా వేసింది, కేసు తర్వాత అప్పీల్‌కి కూడా వెళ్ళింది. అయినా నా సలహా, వారంటీ ఉన్నంతకాలం ఆథరైజ్డ్ దగ్గరే షెడ్యూల్ ప్రకారం చేయించండి, రేపు ఇంజిన్ క్లెయిమ్ వస్తే మొదట అడిగేది సర్వీస్ రికార్డే. వారంటీ అయిపోయాక మంచి మెకానిక్ తెలిసుంటే వెళ్ళండి, ఈ చుక్కలు, ఫోటోలు అక్కడ కూడా పెట్టుకోండి.

వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళడానికి గడువు రెండేళ్ళు, కాబట్టి బిల్లులు, జాబ్ కార్డులు అప్పటిదాకా అయినా పారేయకండి, ఫోటో తీసి మీకు మీరే మెయిల్ చేసుకుని పెట్టుకోండి, రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాళ్ళకి చూపించడానికి కూడా పనికొస్తాయి.